దమయంతి చెప్పిన సలహా

దమయంతిని మంచి మనిషి అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచివాళ్ళకి మన ఉద్దానంలో ఏం కొదవ? వాళ్ళు ఎవరి జోలికీ పోకుండా, ఎవరిచేతా మాట పడకుండా చక్కగా ఇంట్లో కూర్చుంటారు. దమయంతి అలా కూర్చోలేదు. పైగా ఒకసారి ఆమె చెప్పిన సలహా వల్ల ఒక ముసలమ్మ ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి ఆమే అందరికీ చెప్పేది కాబట్టి నేను దాచడంలో అర్థం లేదు.

వాళ్ళాయన రామూర్తికి పలాసలో చిన్న జీడిబట్టీ ఉంది. 1997 ప్రాంతంలో దమయంతి అత్తగారికి, పెద్దతల్లి ఆమె పేరు, మతి తప్పడం మొదలైంది. ఉద్దానంలో మనిషి కాస్త తేడాగా ఉంటే ముందు కిడ్నీలే అనుకుంటాం. ఆ పరీక్షలన్నీ అయ్యాయి. కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు. అయితే ఇది గాలే అన్నారు చుట్టాలు. ఎవరో చెప్పిన భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళారు. వాడు చింతబరికెతో కొట్టి, చేతుల మీద వాతలు పెట్టాడు. పెద్దతల్లి కదలకుండా పట్టుకున్నది దమయంతే. తర్వాత విశాఖపట్నంలో డాక్టరు ముందు వాతలు చూసి, ఆ తర్వాత మనిషిని చూశాడట. జబ్బు పేరు డిమెన్షియా అన్నాడు. తగ్గదు, ఓపిగ్గా చూసుకోవాలి అన్నాడు. దమయంతికి ఆ పేరు నోరు తిరిగేది కాదు, మతిజబ్బు అనేది. మరుసటి ఏడు పెద్దతల్లి పోయింది. చివరిదాకా ఆమె కోడలిని చూస్తే చేతులు వెనక్కి దాచుకునేది.

ఆ చేతులు దాచుకోవడమే దమయంతిని కుదురుగా ఉండనివ్వలేదు. 2000లో తన బట్టీ షెడ్డులోనే, అలాంటి పెద్దవాళ్ళున్న ఇళ్ళవాళ్ళని నెలకొకసారి, రెండో ఆదివారం కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. ఆమెను ఎవరూ అడగలేదు, ఎవరూ జీతమివ్వలేదు, చదువా ఏడో తరగతి. మొదటి రెండు నెలలూ ఒక్కరూ రాలేదు. వంశంలో మతిజబ్బు ఉందంటే ఆ ఇంటికి సంబంధాలు రావు మరి. దమయంతి తెలివిగా, జీడిపప్పు పొట్టు తీయడానికి మనుషులు కావాలని కబురు పంపింది. అప్పుడు వచ్చారు. పళ్ళెం ముందు తల వంచుకుని, గుండు పప్పు ఒక పక్కకీ విరిగిన బద్ద ఒక పక్కకీ వేస్తూ కూర్చుంటే ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. అలా నోళ్ళు విచ్చుకున్నాయి. ఆ షెడ్డులో ఒకటే షరతు. ఎదుటివాళ్ళకి సలహా చెప్పేవాళ్ళు ముందు తాము చేసిన తప్పొకటి చెప్పాలి. దాంతో సలహాలు చెప్పేవాళ్ళు బాగా తగ్గారు.

నేను 2002లో వెళ్ళాను. సుమ్మాదేవిలో బడిపంతుల్ని, పేరు జగదీశ్వరరావు. నాకు ఈ ఏడో తరగతి ఆవిడ చెప్పేదేమిటని కొంచెం బిర్రుగానే కూర్చున్నాను. మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరయ్యాడు. మతి తప్పాక రోజూ తెల్లారగానే పట్టాల మీదికి డ్యూటీకి పోయేవాడు. రెండుసార్లు రైలు కింద పడబోయి బతికాడు. తలుపుకి తాళం వేస్తే తల బాదుకునేవాడు.

“తాళం ఏసింది సేతులకి కాదు కదా మేష్టారూ, కాళ్ళకి,” అంది దమయంతి. “ఆ సేతులు పని అడుగుతున్నాయి. పట్టాల మీద సేసే పని ఇంట్లోనే ఇచ్చి సూడండి.”

పాత ఇనుపసామాను కొట్లో నాలుగు పెద్ద బోల్టులూ నట్లూ ఒక పానా కొనుక్కొచ్చి అరుగు మీద పెట్టాను. నాన్న బిగించడం, వదులు చేయడం, మళ్ళీ బిగించడం. పట్టాల మాటే మరిచిపోయాడు. ఇక నేను ఊరుకుంటానా? అదేదో నేనే కనిపెట్టినట్టు ప్రతి మీటింగులోనూ చెప్పేవాణ్ణి. చేతికి పాత పని ఇవ్వండి, చేతికి పాత పని ఇవ్వండి.

2004 వానాకాలంలో మంగ వచ్చింది. టెక్కలి దాటి మూలపేట వైపు వెళ్తే వచ్చే ఒక మత్స్యకారుల ఊరు వాళ్ళది. ఊరి పేరు చెప్పను, ఆ ఊళ్ళో పిల్లలకి పెళ్ళిళ్ళు కావాలి. మంగ అత్తగారు ఎర్రమ్మ నలభై ఏళ్ళు ఆ ఊరికి మంత్రసాని. ఆస్పత్రి కాన్పులు వచ్చాక పని పోయింది, ఆ తర్వాత మతీ పోయింది. అస్తమానం బయటికి పోతానంటుంది, సముద్రం వైపు నడిచిపోతుంది. మంగ ఇది చెప్పడం ముగించకముందే నేను అందుకున్నాను. దమయంతి కూడా తలూపింది. ఒక గుడ్డబొమ్మ చేసి ఇమ్మంది, ఆమె వాడిన చేట, కుండ, పసుపు, పాతచీరలు దగ్గర పెట్టమంది.

తర్వాతి నెల మంగ నవ్వు మొహంతో వచ్చింది. ఎర్రమ్మ కాళ్ళు బారచాపుకుని, బొమ్మని కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి నీళ్ళు పోస్తోందట. సముద్రం వైపు చూడటం లేదట. మేమంతా సంతోషించాం. మంత్రసాని పని బిడ్డకి నీళ్ళు పోయడంతో అయిపోతుందా అని షెడ్డులో ఒక్కరూ అడగలేదు.

ఆ తర్వాతి రెండో ఆదివారం మంగ రాలేదు. పదింటికి బట్టీలో ఫోను మోగింది. దమయంతి వింటూ వింటూ పళ్ళెం పక్కకి నెట్టేసింది. మంగ గొంతు నా దాకా వినిపిస్తూనే ఉంది.

“అక్కా, మా అత్త సిల్లంగి సేసిందంటన్నారు. కామేశ్ కొడుక్కి బాగోనేదు. ఆల్ల పెరట్లో కుండ దొరికింది. పళ్ళు పీకేత్తామంటన్నారు. గదిలో ఎట్టి గొళ్ళెం ఏసినాను, తాళం నేదు. మా ఊరి పెద్ద సింహాచలం టెక్కలి ఎల్లినాడు. ఆయన వొచ్చీదాకా ఆగినారు, మజ్జానానికి వొచ్చెత్తాడు.”

చిల్లంగి అంటే చేతబడి. మంత్రం నోట్లో ఉంటుందని, పళ్ళు పీకేస్తే అది పలకదని మా వైపు ఒక దిక్కుమాలిన నమ్మకం. పళ్ళు పీకించుకుని బతికిన ముసలివాళ్ళు తక్కువ. పోలీసులకి చెబుదాం అన్నాను. ఫోనులో మంగ ఏడ్చేసింది. “వొద్దు మేష్టారూ. ఆల్లు వొచ్చి ఎల్లిపోతారు. మేం ఇక్కడే ఉండాల.”

దమయంతి అప్పటికే చెప్పులు వేసుకుంది. నా చేతక్ స్కూటరు మీద బయల్దేరాం. టెక్కలి దాటాక ఆమె వెనకనుంచి అడిగింది, “పెరట్లో కుండ ఎందుకు పాతింది మేష్టారూ?” నాకేం తెలుసు. నాకు తెలిసిందల్లా, చేతికి పాత పని ఇమ్మని ముందు నోరు జారింది నేనని.

మేం చేరేసరికి ఊరు ఊరంతా వలల పాక దగ్గర ఉంది. పాక ఎదురుగానే మంగ వాళ్ళ ఇల్లు. మంగ గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఉంది. ఇసకలో మూడు కుండలు పెట్టారు, మూడూ మన్ను కొట్టుకుని ఉన్నాయి. కామేశ్ వాటి పక్కన నిలబడ్డాడు. పాతికేళ్ళుంటాయేమో. చేపలవేటకి గుజరాత్‌లోని వీరావల్ పోయి, కొడుకు పుట్టాడని తెలిసి వచ్చాడు. చేతిలో ఇంజను విప్పే పటకారు ఉంది. సింహాచలం పెద్ద కూడా అప్పుడే వచ్చినట్టున్నాడు, కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు.

జరిగింది ఇది. కామేశ్ కొడుక్కి పద్దెనిమిది రోజులు. ముందురోజు నుంచి పాలు తాగడం లేదు, ఒళ్ళు కాలిపోతోంది. పొద్దున్నే కుక్క ఒకటి పెరట్లో తవ్వి కుండ బయటికి లాగింది. కుండలో ఉప్పు, పసుపు, పాతచీర ముక్కలో మూటగట్టిన చేపపేగులు. ఎర్రమ్మ అక్కడ కర్రతో తవ్వుతుండగా చూశామని ఇద్దరు చెప్పారు. వెతికితే మరో రెండు పెరళ్ళలోనూ కుండలు దొరికాయి. మూడూ చంటిబిడ్డలున్న ఇళ్ళే. పొరుగూరి మంత్రగాణ్ణి అడిగితే, మంత్రకట్టు వేసిందే తన నోటితో విప్పాలి, లేదా దాని పళ్ళు పీకాలి, కట్టు విప్పకుండా బిడ్డని పొలిమేర దాటిస్తే దక్కడు అన్నాడు. అందుకని ఆ పసిగుడ్డుని ఆస్పత్రికీ తీసుకుపోలేదు. బిడ్డ తల్లి రోజా వాకిట్లో వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఏడవడానికి కూడా భయపడుతోంది.

దమయంతి తిన్నగా పోయి కుండల పక్కన నిలబడింది.

“నాది పలాస. మతిజబ్బు మనుసులున్న ఇల్లోల్లకి మీటింగులు పెడతాను. నాను ముందు నా తప్పు సెప్తాను, తరవాత మీరేటి సేత్తారో సెయ్యండి. ఎర్రమ్మకి మంత్రసాని సామాను ఇమ్మని సెప్పింది నాను. కుండా పసుపూ నానే ఇప్పించినాను. ఆవిడికి మతి నేదు, నాకు ఉన్నాది. తప్పు నాది.”

“అయితే నీ పళ్ళు పీకాల,” అన్నాడు కామేశ్.

“పీకు బాబూ. నా నోట్లో ముప్పైరెండూ ఉన్నాయి. ఆవిడికి నాలుగే ఉన్నాయి.”

ఎవరూ నవ్వలేదు. కామేశ్ నిజంగానే ఒక అడుగు ముందుకేశాడు, సింహాచలం అతని భుజం పట్టుకున్నాడు. దమయంతి వంగి ఒక కుండ చేతిలోకి తీసుకుంది. జనం వెనక్కి జరిగారు. ఉప్పు వేలితో కదిపి చూసింది, మూట ముడి చూసింది.

“ఎర్రమ్మ ఈడు ఆడోల్లు ఎవులున్నారు ఈ ఊర్లో? ఒక్కసారి వొచ్చి ఇది సూడండి. మీకు తెలిసిన పనే అనిపిత్తంది.”

ఎవరూ కదల్లేదు. పాక నీడలో కూర్చున్న ఒక ముసలామె తల దించుకుంది. ఆమె పేరు వరహాలమ్మ అని తర్వాత తెలిసింది. అప్పుడు నోరు విప్పితే నువ్వూ చిల్లంగిదానివే అంటారని ఆమె భయం. ఆ భయాన్ని నేను తప్పు పట్టను. దమయంతి కుండ పట్టుకుని అలాగే నిలబడింది. చివరికి వరహాలమ్మ కర్ర పట్టుకుని లేచింది. వచ్చి కుండలోకి తొంగి చూసింది.

“ఇది మావి పాతిన కుండ,” అంది. “కాన్పయ్యాక బిడ్డతో పడే మావిని ఇలాగే ఉప్పేసి, పసుపేసి, పాతగుడ్డలో సుట్టి పెరట్లో పాతీవోరు. కుక్కలకి సిక్కకూడదని. ఎర్రమ్మ పాతీది, నాను కుండ పట్టీదాన్ని. కామేశూ, నీది మీ ఇంటి పడమటి గోడ కింద ఉన్నాది. నానే కుండ పట్టినాను.”

జనంలో గుసగుసలు లేచాయి. కన్న తల్లులు లోపల పడుకుని ఉంటారు, పెరట్లో ఏం జరుగుతుందో చూడరు. ఇప్పుడు పుట్టేవాళ్ళందరూ ఆస్పత్రిలో పుడుతున్నారు, మావి ఏమవుతుందో ఎవరికీ పట్టదు. ఈడులో ఉన్నవాళ్ళెవరూ ఆ కుండని ఎరగరు. చంటిబిడ్డ ఏడుపు వినిపించిన ప్రతి ఇంటికీ ఎర్రమ్మ వెళ్ళి, మిగిలిపోయిన పని పూర్తిచేసి వచ్చింది. మావి దొరక్క చేపపేగులు పెట్టుకుంది.

సింహాచలం కామేశ్ వైపు తిరిగాడు. “మరయితే...” అన్నాడు.

“మరయితే ఏటి?” అన్నాడు కామేశ్. “కోడలి పేరు గుర్తు నేదంట, తిన్నాదో నేదో గుర్తు నేదంట. ఉప్పెంతో పసుపెంతో గుర్తుందా? నాటకాలాడతన్నాది ముసిల్ది. మతిపోయినదానికి ఇది ఎలా తెలుత్తాది?”

ఆ ప్రశ్నకి దమయంతి దగ్గర జవాబుంది. మా నాన్న బోల్టుల సంగతి నా దగ్గర ఉంది. కానీ కామేశ్ వినడానికి ఆగలేదు. సింహాచలం చెయ్యి విదిలించుకుని ఇంటివైపు నడిచాడు. దమయంతి పరిగెత్తి మంగ పక్కన గుమ్మంలో నిలబడింది. అతను ఇద్దరినీ తోసేశాడు, దమయంతి భుజం ద్వారబంధానికి కొట్టుకుంది. నేనేం చేశానంటారా? గోడ వారకి తప్పుకున్నాను. దాచడమెందుకు.

గొళ్ళెం తీశాడు.

లోపల ఎర్రమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, గుడ్డబొమ్మకి తల తుడుస్తోంది. వెలుతురు పడేసరికి కళ్ళు చికిలించి చూసింది. గుమ్మంలో మగవాడు, చేతిలో పటకారు. ఆమె ఏమాత్రం భయపడలేదు. కాస్త చిరాకు పడింది.

“దాని మొగుడివా?” అంది.

కామేశ్ అడుగు గుమ్మంలోనే ఆగింది.

“సెమటలట్టీసినాయి. మొదటి కాన్పేటి?”

ఎందుకు జవాబిచ్చాడో అతనికీ తెలియదనుకుంటాను. “ఊఁ,” అన్నాడు.

“ఆ ఇనపముక్క బయటెట్టు. కాన్పు గదిలోకి తేకూడదు. బిడ్డ ఏడిసినాడా?”

“ఏడవట్నేదు.” కామేశ్ పటకారు కిందికి దించాడు. “నిన్నటికాడ నుంచి పాలు తాగట్నేదు. ఒళ్ళు కాలిపోతన్నాది.”

ఎర్రమ్మ బొమ్మని పక్కన పెట్టింది. ఆ ఒక్క క్షణం ఆమె మొహంలో నలభై ఏళ్ళ మంత్రసాని కనిపించింది. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

“డొక్కలెగరేత్తన్నాడా?”

“ఊఁ.”

“మరిక్కడ నిలబడతావేటి? అది నా సేతిలో పని కాదు. బేగి డాట్రు కాడికి అట్టుకెల్లు. ఎల్లు.”

కామేశ్ జనం వైపు తిరిగాడు. “ఎల్లమంది,” అన్నాడు. “ఆవిడే ఎల్లమంది.” కట్టు విప్పడమంటే అతనికి అదే. పటకారు ఎక్కడ పడిందో చూసుకోకుండా రోజా దగ్గరికి పరిగెత్తాడు. చేపలు మోసే ఆటో ఒకటి ఉంది. ముగ్గురినీ ఎక్కించుకుని టెక్కలి వైపు పోయింది.

అంతటితో అయిపోయిందని నేను అనుకున్నాను, బండి తాళం కూడా తీశాను. సింహాచలం దమయంతి దగ్గరికి వచ్చి మెల్లిగా అన్నాడు. “అమ్మా, మీరు ఎల్లిపోండి. బిడ్డ దక్కితే సరే. దక్కకపోతే ఆడు మళ్ళీ వొత్తాడు. అప్పుడు నా మాట ఎవులూ ఇనరు.”

“తెల్సు బాబూ. అందుకే ఉంతాను,” అంది దమయంతి.

దమయంతి ఎర్రమ్మ గది గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. ఈసారి నేనూ పక్కన కూర్చున్నాను. ఊళ్ళోవాళ్ళు పాక దగ్గర నుంచి కదల్లేదు. వాళ్ళూ మాలాగే కబురు కోసం చూస్తున్నారు, కాకపోతే మాకు ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. మంగ అన్నం తెస్తే ఎవరికీ దిగలేదు.

“భయమేత్తంది మేష్టారూ,” అంది దమయంతి. “మా అత్త కళ్ళే అవుపిత్తన్నాయి. ఆ పని ఎలా మొదలవుతాదో అడిగినాను, ఎలా ముగుత్తాదో అడగనేదు.”

ఆ తర్వాత ఆరేళ్ళు ఆమె మీటింగులు నడిపింది. ఎవరికి ఏ పని ఇమ్మని చెప్పినా ముందు ఆ పనిలో ఆఖరిది ఏమిటని విసిగించి విసిగించి అడిగేది. కొత్తగా వచ్చినవాళ్ళకి అది చాదస్తంలా కనిపించేది.

మూడు దాటింది. నాలుగు కావొస్తోంది. ఎండ పాకలోకి దిగింది. రోడ్డు మలుపులో బస్సు ఆగిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఇసకలో ఒక మనిషి నడిచి వస్తూ కనిపించాడు. కామేశ్. ఒక్కడే. చేతులు ఖాళీగా ఉన్నాయి.

పాకలో జనం అందరూ ఒకేసారి లేచారు. మంగ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దమయంతి లేచి నిలబడి, వెనక్కి చెయ్యి పెట్టి తలుపు దగ్గరకి లాగింది. కామేశ్ ఎవరివైపూ చూడలేదు, సింహాచలం ఏదో అడిగితే ఆగలేదు. తిన్నగా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“తప్పుకో అక్కా,” అన్నాడు.

దమయంతి తప్పుకోలేదు. “ముందు సెప్పు,” అంది.

“ఊపిరితిత్తుల్లో నెమ్ము అన్నారు. ముక్కుకి గాలి గొట్టం ఎట్టినారు. ఇంకో పూట ఆగితే దక్కీవోడు కాదన్నారు.” మొహం చేత్తో తుడుచుకున్నాడు. “ఇందాక రెండు సుక్కలు పాలు మింగినాడు. రోజా అక్కడే ఉన్నాది.”

దమయంతి చేతిలోంచి తలుపు జారిపోయింది. ఆమె గోడకి ఆనుకుని కిందికి జారి, గట్టిగా ఏడ్చేసింది. కామేశ్ గుమ్మం దాటి, లోపల నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

“మామ్మా, పాలు తాగినాడే,” అన్నాడు.

ఎర్రమ్మ గుడ్డబొమ్మ మీంచి తలెత్తి అతని వైపు చూసింది. ఎంత చూసినా పోల్చుకోలేకపోయింది.

“ఎవులు బాబూ?” అంది.

కామేశ్ ఒకసారి మావైపు తిరిగి చూశాడు. తర్వాత ఇంకొంచెం దగ్గరికి జరిగి, కొడుకు పుట్టిన రోజు దగ్గర నుంచి మొత్తం చెప్పడం మొదలుపెట్టాడు.